రెండు గట్ల ఇసక

పోయిన నెల మా సుభద్రత్త పెద్దకర్మ అయిపోయాక నాకు ఇంట్లో ఉండబుద్ధి కాలేదు. ప్రొద్దుటూరులో కారెక్కి, జమ్మలమడుగు మీదుగా కొండాపురం దిక్కుకు పోయాను. వయసులో ఉన్నప్పుడు ఆమె వెంట సుత్తి మోసిన చోటు ఒకసారి చూసి రావాలనిపించింది. పెన్న గట్టు కోసం వెదికితే అక్కడ గట్టు లేదు, నీళ్లున్నాయి. కంటికి ఆనినంత మేరా గండికోట జలాశయం నీళ్లే. ఒడ్డున గొర్రెలు మేపుకుంటున్న ఒక పెద్దాయనను అడిగితే, చేతికర్ర ఎత్తి నీళ్ల నడుమకు చూపించి, "అదో, ఆ కొంగ తిరుగుతాంది సూడు, దాని కిందుండె నువ్వడిగే గట్టు. ఇంగ యాడిది తల్లీ" అన్నాడు. నేను మా అత్త సంగతి చెప్పాను. కాసేపు ఆలోచించి, "ఎవురు, గొట్టాలమ్మా?" అన్నాడు. ఆ ఊళ్లవాళ్లు మా అత్తకు పెట్టిన ఆ పేరు ఇన్నేళ్ల తర్వాత వినేసరికి నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

సుభద్రత్త మా నాయనకు చెల్లెలు. ఆ రోజుల్లో మా వైపు ఆడపిల్ల పదో తరగతి దాటడమే గొప్ప. ఆమె మొండికేసి భూగర్భశాస్త్రం చదివి, ఎక్కడో పై రాష్ట్రంలో ఒక పరిశోధనా సంస్థలో కుదురుకుంది. పెళ్లి మాటెత్తితే "నాకు రాళ్లతోనే సరిపోతాంది వదినా, ఇంగ మొగుడొకడా" అని మా అమ్మ నోరు మూయించేది. ప్రతి ఎండాకాలం మాత్రం తప్పకుండా మా ఇంటికి వచ్చేది. మా ఇల్లు నూనె మిల్లు వెనక సందులో. పొద్దున లేస్తే చెనిక్కాయ చెక్క వాసన, దాని మీద మా అవ్వ కెలికే రాగి సంగటి వాసన, మధ్యాహ్నానికి ఎండ వాసన. ఎండకు వాసన ఏమిటి అనేవాళ్లు మే నెలలో మా ఊరికి వచ్చి కాసేపు మేడ మీద నిలబడితే సరి. ఆ ఎండలో మా అత్త మేడెక్కి, తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకం ఒకటి, పొడిది ఒకటి పక్కపక్కన వేలాడదీసి చూసుకుంటూ కూర్చునేది. కింద నుంచి అవ్వ అరిచేది. "మేయ్ సుభద్రా, నెత్తి మాడిపోతాది, దిగు! ఎండెంతుండాదో తెలుసుకోను ఆ గాజుపుల్ల ఎందుకే? నా అరికాళ్లనడుగు, అవి చెప్తాయి!" పైనుంచి జవాబు వచ్చేది. "నీ అరికాళ్లు ఈ పొద్దు సంగతి చెప్తాయి మా. నాకు నీ ముత్తవ్వ కాలం సంగతి గావాల."

అది మాట వరసకన్నది కాదు. ఆమె పరిశోధన అంతా అదే. మా సీమలో వాన ఇప్పుడు ఇట్లా మొహం చాటేస్తోంది సరే, ఎప్పుడూ ఇంతేనా? పులివెందుల దిక్కు పల్లెలో పుట్టిన మా అవ్వకు కరువు చుట్టం వరస, ఏ ఏడు వచ్చిందో, ఎన్నాళ్లు తిష్ఠ వేసిందో పూస గుచ్చినట్టు చెప్పేది. అయినా అవ్వ జ్ఞాపకం అవ్వ పుట్టిన కాలం దాకానే. వాన కొలిచే సర్కారు గిన్నెల లెక్కలు ఇంకాస్త వెనక్కి పోతాయి. అంతకు ముందు సంగతి చెప్పగలిగింది ఏరు ఒక్కటే అనేది మా అత్త. పెద్ద వరద వచ్చినప్పుడు నీళ్లు గట్టు మీదికెక్కి, రాతి సందుల్లో నెమ్మదించి, పలచటి ఇసక పొర ఒకటి వదిలి పోతాయి. దాని మీద మళ్లీ మట్టి కప్పుకుంటుంది. ఆ పొర ఏ కాలానిదో తెలిస్తే ఆ వరద ఏ కాలానిదో తెలుస్తుంది. వరదలు తెలిస్తే వానలు తెలుస్తాయి. పొర వయసు తేల్చే విద్య అప్పుడప్పుడే మన దేశానికి వస్తోంది. దాన్ని మా అవ్వకు ఎట్లా అర్థం చేయించిందో నాకు బాగా గుర్తు. "ఇసక ఎండలో ఉన్నన్నాళ్లూ దాంట్లో ఏమీ ఉండదు మా. మట్టి కిందికి పోయి చీకటైతే, అప్పటినుంచి ఊరగాయ ఊరినట్ల ఊరతాది. ఎంత ఊరిందో చూసి ఎన్నేండ్లయిందో చెప్తాము. నడమ ఎవరన్నా మూత తీసి వెలుతురు చూపిచ్చినారనుకో, అయిపాయె, జాడీ అంతా దండగ." అవ్వకు ఊరగాయ జాడీ ముందు కాలశాస్త్రం ఏపాటిది? ఆ రోజు నుంచి అత్త సామాను పెట్టుకున్న మూలకు ఇంట్లో పిల్లాజెల్లా ఎవరినీ పోనివ్వలేదు.

నేను డిగ్రీ ముగించి, సంబంధాలు చూస్తున్నారని ఇంట్లో కూర్చున్న ఏడు అది. "ఇంట్లో కూచోని గోళ్లు గిల్లుకునేదానికి నా యెంబడి రా పాపా" అని అత్త నన్ను తోడు తీసుకుపోయింది. ఆమె ఎంచుకున్న చోటు కొండాపురం దిక్కున పెన్నకు రెండు గట్ల మీదా ఉంది. ఇవతలి గట్టు మీద ఒక ఊరు, అవతలి గట్టు మీద ఒక ఊరు. ఇవతలి ఊరు ఒక పార్టీ, అవతలి ఊరు ఇంకో పార్టీ. పార్టీలు రాకముందు నుంచే రెండు ఊళ్లకూ పగ. పార్టీలు వచ్చి ఆ పగకు జెండాలు కట్టాయి, అంతే తేడా. మనుషులు పోయారు, ఇళ్లు కాలాయి, ఎండిన ఏటి ఇసకలో పాతిపెట్టిన నాటుబాంబులు గొర్రెల కాళ్ల కింద పేలిన రోజులూ ఉన్నాయి. అక్కడ ఎవరింట్లో మజ్జిగ తాగితే వాళ్ల మనిషి కింద లెక్క. ఆ సంగతి తెలిసి మా అత్త మొదటి రోజే ఒక కట్టడి పెట్టుకుంది. రెండు ఊళ్లలోనూ గుక్కెడు నీళ్లు కూడా ముట్టకూడదు. తాగే నీళ్లు, తినే సంగటి, ఊరిబిండి పచ్చడి, అన్నీ ప్రొద్దుటూరు నుంచే. ఇవతలి ఊరి ఆడవాళ్లు చెంబుతో మజ్జిగ తెచ్చి, "తాగు తల్లీ, ఎండకు ముఖం పీక్కపోయిండాది" అంటే, "మొక్కుండాది అక్కా, ఏరు దాటిందాకా ఏమీ ముట్టగూడదు" అని దండం పెట్టేది. మొక్కంటే మా సీమలో ఎవరూ బలవంతం చేయరు. ఆ చల్లటి మజ్జిగ చూసి నాకు మాత్రం ప్రాణం లాగేసేది.

పని తీరు ఇది. గట్టును ఏటి వైపు నుంచి నిలువుగా చెక్కాలి. పొరలు బయట పడతాయి, ఎర్రమన్ను, గులకరాళ్లు, మళ్లీ ఎర్రమన్ను, నడుమ తెల్లగా సన్నటి ఇసక. ఆ తెల్ల పొరలోకి ఇనుప గొట్టాన్ని సుత్తితో కొట్టి దించాలి. బయటికి లాగేటప్పుడు వెలుతురు తగలకుండా ఒక మనిషి ఏటి వైపు నిలబడి, గట్టుకు ఎదురుగా నల్లటి దుప్పటి పట్టుకోవాలి. దుప్పటి చాటున గొట్టం లాగి, రెండు కొసలా మూతలు బిగించి, నల్ల కాగితం చుట్టి, దాని మీద పురికొస గట్టిగా బిగించి కట్టాలి. ఇవతలి గట్టున గొట్టాలు దించిన రోజు దుప్పటి పట్టింది నేనే. పై పొరల్లో రెండు గొట్టాలు సులువుగానే వచ్చాయి. అన్నిటికన్నా అడుగున, బండ వెనక సందులో, చేతివెడల్పు పొర ఒకటి ఉంది. అత్త మూడు ఎండాకాలాలుగా వెదికింది దాని కోసమే. అన్నిటికన్నా పాతది, అన్నిటికన్నా పెద్ద వరద వదిలిపోయింది. గొట్టం లాగి మూతలు బిగించామో లేదో, ఆ చోట గట్టు కాస్తా దబ్బుమని కూలి ఏట్లో పడింది. నేను మన్నులోంచి లేచి చూస్తే అత్త ఆ గొట్టాన్ని పసిబిడ్డను హత్తుకున్నట్టు హత్తుకుని, "ఇంగ ఇదొక్కటే పాపా, లోకం మొత్తానికి ఇదొక్కటే" అంటోంది.

మధ్యాహ్నం బస్సెక్కాం. ఎన్నికలు దగ్గరికొచ్చాయి కాబట్టి జమ్మలమడుగు పొలిమేరలో పోలీసులు కాపు కాస్తున్నారు. ఒక కానిస్టేబుల్ బస్సెక్కి, మా కాళ్ల దగ్గర గంప చూసి, పైన కప్పిన చీర తీశాడు. నల్ల కాగితం, పురికొస, చేతికి బరువుగా గుండ్రటి గొట్టాలు మూడు. ఆ కాలం మనిషికి అవి ఇంకోలా ఎట్లా కనపడతాయి? "ఓర్నాయనో! సార్! బాంబులు సార్!" అని ఒక్క అరుపు అరిచి, మెట్లు కూడా చూసుకోకుండా కిందికి దూకాడు. రెప్పపాటులో బస్సు ఖాళీ. కోళ్ల గంప తెచ్చుకున్న ముసలాయన కోళ్లను వదిలేసి పోయాడు. మిగిలింది మేమిద్దరం, కోళ్లు.

ఎస్సై కోస్తా నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చిన మనిషి. చెమటతో చొక్కా తడిసిపోయి, సీమ ఎండకు సగం చచ్చి ఉన్నాడు. పాపం, మర్యాదగానే అడిగాడు. "ఏమ్మా, ఎవరి తాలూకు మీరు?"

"ఎవరి తాలూకూ కాదు సార్. నేను పరిశోధన చేస్తా. ఇది ఏటి ఇసక" అని అత్త తన కాగితాలు చూపించింది.

"కాగితాలు అందరి దగ్గరా ఉంటాయండి. ఆడవాళ్ల గంపల్లోనే సరుకు దాటిస్తున్నారని మాకు కబురు. ఇసకైతే విప్పండి, చూసి పంపించేస్తాం."

"వెలుతురులో విప్పితే చచ్చిపోతుంది సార్."

"ఎవరు?" అన్నాడు ఎస్సై, ఒక అడుగు వెనక్కి వేసి.

"ఇసక సార్."

ఎస్సై ఆమె వైపు పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. కానిస్టేబుల్ చెట్టు చాటు నుంచే ఉపాయం చెప్పాడు. "అమ్మా, యా గట్టున తవ్వినారు మీరు? ఆ ఊరి పెద్దాయన పేరు చెప్పుండ్రి సాలు. సారు ఫోను కొడతాడు. 'మావోళ్లే' అని ఆయన అనెనంటే, దండం పెట్టి పంపిస్తాము. ఎందుకొచ్చిన రగడ!" ఎస్సై కూడా, "అదే మంచిదండి. ఎవరో ఒకరి పేరు చెప్పండి" అన్నాడు.

నాకు ప్రాణం లేచి వచ్చింది. ఒక్క పేరు! ఇవతలి ఊరి పెద్దాయన మాకు రోజూ దండం పెడుతూనే ఉన్నాడు, సంతోషంగా 'మావాళ్లే' అంటాడు. నేను నోరు తెరవబోతే అత్త నా మోచేయి గట్టిగా పట్టుకుంది. అప్పుడు అర్థమైంది. ఆయన ఒకసారి 'మావాళ్లే' అన్నాడంటే సాయంత్రానికల్లా అవతలి ఊరికి తెలుస్తుంది. ఇక ఆ గట్టు మీద కాలు పెట్టనివ్వరు. అవతలి గట్టు మీద కూడా అదే పొర దొరికితే తప్ప ఇది పెన్నకు వచ్చిన మహా వరదో, పక్క వంక పొంగి పోసిపోయిన ఇసకో తేలదు. పేరు చెబితే ఇసక మిగులుతుంది, పరిశోధన పోతుంది. చెప్పకపోతే విప్పుతారు, ఇసకే పోతుంది. మా అత్త మొహంలో రక్తం లేదు. ఇంత ధైర్యం గల మనిషి కళ్లల్లో నీళ్లు తిరగడం నేను చూడటం అదే మొదటిసారి.

కొంగుతో కళ్లు తుడుచుకుని అంది. "సార్, విప్పొద్దని నేననను. వెలుతురులో వద్దంటాండా. ఎర్ర బల్బు వెలుతురైతే దీనికి దోషం లేదు. ఈ ఊళ్లో ఫొటోలు కడిగే చీకటి గది యాడుందో చూపించండి. మీ ముందరే నా చేత్తో విప్పుతా. పేలితే ముందు నేనే కదా పోయేది."

బస్టాండు ఎదుట ఖాదర్ బాషా ఫొటో స్టూడియో ఉండేది. పోలీసులు, వెనక దూరంగా జనం, నడుమ గంప నెత్తిన పెట్టుకుని మా అత్త. సంగతి విని బాషా మొహం మాడిపోయింది. ఫొటోలు పెద్దవి చేసే మిషన్, కువైట్‌లో ఉన్న తమ్ముడు పంపింది, ఆ గదిలోనే ఉంది, అతని బతుకంతా అదే. "అమ్మా, నిజం చెప్పు. ఇసకేనా?" అన్నాడు. "మా అమ్మ మీద ఆన బాషా, ఇసకే." అతను కాసేపు ఆమె చేతుల కేసి చూశాడు, మన్నుకొట్టుకుపోయి, సుత్తికి బొబ్బలు లేచిన చేతులు. "అట్లయితే నేనూ లోపలికొస్తా పాండి. ఆడ యాడేముండాదో నాకే ఎరుక. సారు చేయి తగిలిచ్చినాడంటే నా మందునీళ్లన్నీ బోర్లా పడతాయి" అని తాళం తీశాడు.

నన్ను బయట ఉండమంది అత్త. "మూత పట్టుకోను మనిషి గావాల గదా అత్తా" అని నేనూ దూరాను. నలుగురం, గది నలుగురికి చాలదు. ఘాటైన మందునీళ్ల వాసన, ఎస్సై చెమట వాసన, ఎర్ర బల్బు. తలుపు కింద సందులో బాషా తన తువ్వాలు కుక్కాడు. "ఏది విప్పాలో నేను చెప్తాను" అన్నాడు ఎస్సై, పోలీసు బుద్ధి కదా. వేలు పెట్టి చూపించింది ఆ అడుగు పొర గొట్టాన్నే. అత్త దాన్నే చేతిలోకి తీసుకుంది. పురికొస విప్పింది, కాగితం విప్పింది, మూత తిప్పింది. అంతలో బయట నుంచి కానిస్టేబుల్, "సార్! బాగుండారా సార్?" అంటూ తలుపు నెట్టాడు. సన్నటి గీతలా వెలుతురు పడబోయింది. బాషా వీపు ఆనించి తలుపు మూసి, "తీస్తే అందరి పానాలూ పోతాయి రోయ్!" అని గావుకేక పెట్టాడు. బయట బూట్లు పరుగెత్తిన చప్పుడు చాలాదూరం దాకా వినపడింది. నాకు నవ్వాగలేదు. ఎస్సై కూడా నవ్వాడు. నవ్వుతూనే గొట్టం కొసలో వేలు పెట్టి, ఇసక తీసి, వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"ఇసకే" అన్నాడు. తర్వాత, "ఎన్నాళ్ల నాటిదమ్మా?" అని అడిగాడు.

"అదింకా తెలీదు సార్. ఈ ఊళ్లు పుట్టకముందుది. ఈ సీమలో వానలు దండిగా కురిసిన కాలం ఒకటుండె."

"ఇక్కడా?" అన్నాడు ఎస్సై. ఆ ఒక్క మాటలో ఆయన ఎండకు పడిన కష్టమంతా వినపడింది. మిగిలిన రెండూ విప్పమనలేదు. మూత బిగించేదాకా తనే ఓపిగ్గా గొట్టం పట్టుకున్నాడు. బయటికి రాగానే జనం దూరం నుంచి, "ఎవరి మనుషులు సార్?" అని అరిచారు. "ఎవరి మనుషులూ కాదయ్యా" అన్నాడు. అట్లాంటి మనుషులుంటారని నమ్మలేక జనం మమ్మల్ని ప్రొద్దుటూరు బస్సెక్కేదాకా వింతగా చూశారు. ఇంటికి చేరాక అవ్వ మంచినీళ్లిస్తే, గంపను తన మూలలో పెట్టిందాకా మా అత్త గ్లాసు ముట్టలేదు.

ఇప్పుడు నా చేతిలో ఫోను ఉంది. ఏ పొద్దు ఏ ఊళ్లో వాన పడుతుందో, ఎంత వేడి ఉంటుందో నా మనవడు వేలితో తోసి చెబుతాడు. ఆకాశంలో నుంచి మబ్బుల బొమ్మలు తీసే యంత్రాలున్నాయి. మంచిదే, తుపాను ముందే తెలిసి ఎంతమంది బతుకుతున్నారో. మా ఎండలు మాత్రం అప్పటికన్నా ముదిరాయి. వాన వస్తే ఒక్క పూటలో కుండపోత, లేదంటే నెలల తరబడి చుక్క లేదు. ఇట్లా ఎందుకవుతోందని పెద్ద పెద్దవాళ్లు లెక్కలు కడుతున్నారు. ఆ లెక్కలకు పాత కాలం ఎట్లా ఉండేదో తెలియాలి. ఆ తెలిసినదాంట్లో చిటికెడు మా అత్త గంపలోంచి వచ్చింది. రెండు గట్ల పొరలకూ వయసు ఒకటే తేలింది. పెన్న నిండుగా పారిన కాలం ఒకటి నిజంగానే ఉండేదని, ఆ తర్వాత ఏరు తనంతట తాను ఎండిపోయిందని ఆమె నిరూపించింది. బాంబుల భయం తగ్గింది, ఊళ్లు మునిగాయి, రెండు ఊళ్ల వాళ్లకూ ప్రభుత్వం కాలనీలు కట్టింది. ఎవరైనా ఇప్పుడు ఆ గట్టును చెక్కి చూద్దామంటే గట్టు లేదు. ఉన్నప్పుడే, అంత కష్టకాలంలో, ఆమె వెళ్లింది. గర్వంగా ఉంటుంది నాకు, ఎందుకు దాచుకోవాలి?

అవతలి గట్టు ఇసక ఎట్లా వచ్చిందో చెప్పలేదు కదూ. జమ్మలమడుగు సంగతి మాకన్నా ముందే ఏరు దాటింది. కొన్నాళ్లకు మేం అక్కడికి పోయేసరికి, ఆ ఊరి నాయకుడు ఓబుళప్ప తన మనుషులతో గట్టు మీద నిలబడి ఉన్నాడు. తమ్ముణ్ని ఇవతలి ఊరివాళ్ల బాంబుకు పోగొట్టుకున్న మనిషి. బయటికి వస్తే చుట్టూ పదిమంది లేనిదే కదలడు, అందులోనూ ఏట్లోకి అసలు దిగడు.

"పోలీసోళ్లు అంత అడిగినా ఆ గట్టు ఆయప్ప పేరు చెప్పలేదంట గదమ్మా" అన్నాడు.

"చెప్పింటే ఈ గట్టుకు ఎట్ల వచ్చేదాన్ని అన్నా?" అంది అత్త.

ఆయన తల ఊపాడు. మేం గట్టు చెక్కుతుంటే చూస్తూ కూర్చున్నాడు. తెల్ల పొర బయట పడింది. అది ఎంత పెద్ద వరదో అత్త చెప్పింది. ఆయన చాలాసేపు ఆ పొర కేసి చూసి, గొంతు తగ్గించి అడిగాడు. "అమ్మా, ఆ పొద్దు ముందు మునిగింది యా గట్టు? మాదా, వాళ్లదా?"

నాకు నవ్వొచ్చింది కానీ అత్త నవ్వలేదు. "నీళ్లకు మట్టం ఒకటే అన్నా. రెండు గట్లూ ఒక్కసారే మునిగినాయి" అంది.

గొట్టం లాగే వేళయింది, నేను దుప్పటి విప్పాను. ఆ పూట గాలి ఎక్కువ, నా ఒక్కదాని చేతుల్లో అది నిలవడం లేదు. ఓబుళప్ప లేచి, ఏట్లోకి దిగి వచ్చి రెండో కొస అందుకున్నాడు. మనుషులు కంగారుపడ్డారు. "నువ్వొద్దన్నా! ఆడ నిలబడితే ఆ గట్టోళ్లకు నీ వీపు కనపడతాంటాది, మేము పట్టుకుంటాం, నువ్వు రా!" అన్నారు.

"కనపడనీలే" అన్నాడు ఆయన. ఏటి వైపుకు, ఎదుటి ఊరి వైపుకు వీపు పెట్టి, గొట్టం బయటికి వచ్చి మూత పడేదాకా ఆ దుప్పటి పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు.